నీళ్లు తాగిన బండి, వేడెక్కే బండి

సెకండ్ హ్యాండ్ కార్ల మీద ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం. బండి మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇబ్బంది ఎప్పుడు వస్తోంది (పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, ట్రాఫిక్‌లోనా, హైవే మీదా) రాసినవాళ్లకు సూటిగా జవాబు చెప్పగలిగాం. “బండి సరిగ్గా లేదు, ఏం చేయాలి” అని మాత్రమే రాసినవాళ్లు దయచేసి ఆ వివరాలతో మళ్లీ రాయండి.

ప్రశ్న: గొల్లపూడిలో ఒక బ్రోకరు దగ్గర 2019 మోడల్ పెట్రోల్ కారు చూశాను. బయట ధర కంటే ఎనభై వేలు తక్కువ చెబుతున్నాడు. లోపల అంతా కొత్త బండిలా మెరుస్తోంది. బుడమేరు వరదలో మునిగిన బండేమోనని మా బావమరిది అనుమానం. అడిగితే “నీళ్లు టైర్ల దాకానే వచ్చాయి సార్” అంటున్నాడు. అసలు సంగతి తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, భవానీపురం

జవాబు: బండి నీళ్లలో ఉందని ఆయనే ఒప్పుకున్నాడు కదా. ఇక తేలాల్సింది నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఎన్ని రోజులు ఉన్నాయి అన్న రెండు సంగతులే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు నీళ్లు రోజుల తరబడి తీయలేదు. వానలో గంటసేపు మోకాలి లోతు నీళ్లలో నడిచిన బండి వేరు, బురదనీళ్లలో నాలుగు రోజులు నానిన బండి వేరు. మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు. రెండోది చూడ్డానికి ఎంత బాగున్నా ఏడాదికో రెండేళ్లకో ఒక్కో వైరు దగ్గర మొదలుపెడుతుంది.

పగటిపూట వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి, బండి కడగొద్దని, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఒక టార్చి, స్క్రూడ్రైవరు, తెల్ల గుడ్డముక్క చేతిలో ఉంచుకోండి.

మొదట సీటు బెల్టు. నాలుగు బెల్టులనూ చివరిదాకా, ఇక రాదు అనేదాకా బయటికి లాగండి. బండి కడిగేవాడు సీట్లు కడుగుతాడు, మ్యాట్లు మారుస్తాడు. బెల్టు చుట్ట లోపల ఉన్న ఆఖరి రెండు జానల పట్టీని ఎవరూ పట్టించుకోరు. బురద మరక అక్కడ గీత గీసినట్టు ఉండిపోతుంది. ఆ గీత ఎక్కడుందో చూస్తే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కూడా లెక్క కట్టొచ్చు.

తర్వాత డ్రైవరు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, కింద సీటు పట్టాలు, స్ప్రింగులు, బోల్టులు చూడండి. పైపైన తుప్పు ఏ పాత బండికైనా ఉంటుంది. పొరలు పొరలుగా లేస్తున్న తుప్పు, లేదా పట్టాల మీద కొత్తగా కొట్టిన నల్ల రంగు ఉంటే అనుమానించండి. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీని కొంచెం లేపి కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. కార్పెట్ ఆరినా దాని కింద ఉన్న దళసరి స్పాంజి నెలల తరబడి ఆరదు. తెల్ల గుడ్డతో అదిమితే తడో, మట్టో, పాచి వాసనో ఏదో ఒకటి తగులుతుంది. ఆరేళ్ల బండిలో కార్పెట్ మాత్రమే సరికొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగున ఒండ్రు ఉందేమో, జాకీ తుప్పు పట్టిందేమో చూడండి. హెడ్‌లైట్లు రెండూ ఒకే నెలలో తయారైన కొత్తవైతే, బండికి ముందు నుంచి దెబ్బ తగిలిన గుర్తులేమీ లేకపోతే, అద్దం లోపల నీటి గీత పడి మార్చి ఉంటారు.

ఇవన్నీ బయటి గుర్తులు. అసలు నష్టం కరెంటులో. డాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సు మూత తీసి రెండు మూడు ఫ్యూజులు లాగి చూడండి. కాళ్ల మీద ఆకుపచ్చ చిలుము ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ గేర్ లివర్ దగ్గర, నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి కార్పెట్ తడిసిందంటే అది కూడా తడిసి ఉండొచ్చు. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్లో లైట్లు చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, చెక్ ఇంజిన్ లైట్లు మూడూ ముందు వెలగాలి. స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లలో మూడూ ఆరిపోవాలి. ఆరకపోతే ఎలాగూ తెలుస్తుంది. అసలు వెలగనేలేదంటే ఎవరో ఆ లైటును చంపేశారన్నమాట, అది ఇంకా ప్రమాదం.

ఇంజిన్ సంగతికొస్తే, నీళ్లలో స్టార్ట్ చేయకుండా ఉంచిన బండికి ముప్పు తక్కువ. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టిన బండికే అసలు ముప్పు. ఎయిర్ ఫిల్టర్ దారిలో సిలిండర్‌లోకి నీళ్లు పోతే పిస్టన్ పైకి రాలేదు, ఎందుకంటే గాలిలా నీళ్లు నలగవు. ఆ బలానికి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో ఇంజిన్ నడుస్తుంది కూడా. ఆ పిస్టన్ పూర్తి ఎత్తుకు రాదు కాబట్టి ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) తగ్గుతుంది. అందుకే ఆటోనగర్‌లో మీకు నమ్మకమైన షెడ్డుకు తీసుకెళ్లి నాలుగు ప్లగ్గులూ తీయించి కంప్రెషన్ టెస్టు చేయించండి. పెట్రోల్ ఇంజిన్‌కి మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య రావాలి. అంతకంటే ముఖ్యం, నాలుగింటికీ మధ్య తేడా పది పదిహేను శాతం దాటకూడదు. 170, 175, 130, 170 అని వచ్చిందనుకోండి, ఆ మూడో సిలిండర్ కథ ఏంటో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. గేర్ బాక్సు ఆయిల్‌ని మాత్రం చాలామంది మరిచిపోతారు. పక్కన ఉండే ఫిల్లర్ నట్టు విప్పించి వేలు పెట్టి చూడమనండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు.

కాగితాల్లో ఇంకో గుర్తు ఉంది. ఇన్సూరెన్స్ పాలసీలు 2023 నుంచి ఇప్పటిదాకా వరసగా అడగండి. క్లెయిమ్ చేయని ప్రతి ఏడాదికీ నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. 35 శాతం ఉన్న బండికి 2024 వరద తర్వాతి రెన్యువల్‌లో ఒక్కసారిగా సున్నా అయిందంటే ఆ ఏడాది క్లెయిమ్ తీసుకున్నారు. అది వరదకా, యాక్సిడెంటుకా అన్నది అమ్మేవాళ్లే చెప్పాలి. బోనస్ ప్రొటెక్షన్ అని విడిగా కవర్ తీసుకున్న పాలసీలో మాత్రం ఈ గుర్తు దొరకదు. “పాత పాలసీలు లేవండీ” అంటే ఓనరు ఫోన్లోనో మెయిల్లోనో ఉంటాయి, తెప్పించమనండి.

మా మాట: నీళ్లు కార్పెట్ దాటలేదని తేలితే, కంప్రెషన్ సరిగ్గా ఉంటే, వీల్ బేరింగులు, బ్రేకులు, స్పాంజి మార్చుకునే ఖర్చు ధరలో తగ్గించుకుని తీసుకోవచ్చు. డాష్‌బోర్డు దాకా మునిగిందంటే ఎనభై వేలు కాదు, రెండు లక్షలు తగ్గించినా వద్దు.

ప్రశ్న: మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. అరండల్‌పేట, బ్రాడీపేట ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతోంది. విజయవాడ హైవే ఎక్కగానే దిగిపోతోంది. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసేశాడు, అయినా అలాగే ఉంది. ఇప్పుడు రేడియేటర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆగండమ్మా, రేడియేటర్ జోలికి ఇప్పుడే పోవద్దు. హైవే మీద చల్లబడుతోందంటే గాలి తగిలినప్పుడు రేడియేటర్ తన పని తాను చేస్తోంది. ఆగినప్పుడు గాలి ఆడించాల్సింది ఫ్యాను. మీ బండి లక్షణాలు ఫ్యాను వైపే చూపిస్తున్నాయి. తిరగబడి ఉంటే, అంటే ఊళ్లో బాగుండి హైవే మీద 80, 90 వేగంలో వేడెక్కితే, అప్పుడు రేడియేటర్ లోపల పూడిక, వాటర్ పంపు, మెత్తబడి నొక్కుకుపోయే కింది హోస్ పైపు వెతకాల్సి వచ్చేది.

ఇంటి దగ్గరే పరీక్ష చేయొచ్చు. బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. ఏసీ వేసిన కాసేపటికి ఫ్యాను తిరగాలి. ఏసీతో తిరిగి, ఏసీ లేనప్పుడు ముల్లు ఎక్కినా తిరగకపోతే టెంపరేచర్ సెన్సరో, దాని కనెక్టరో. ఏసీతో కూడా తిరగకపోతే ఫ్యూజు, రిలే, చివరగా మోటారు. మోటారు కనెక్టర్ విప్పి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే తిరుగుతుందా లేదా రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పాత మోటార్లు చల్లగా ఉన్నప్పుడు తిరిగి, వేడెక్కాక బిగుసుకుంటాయి. రెక్కల్ని చేత్తో తిప్పితే (ఇంజిన్ ఆపి, కనెక్టర్ విప్పి మాత్రమే) గరగరలాడుతుంది. ఇలాంటివి తిరుగుతున్నట్టే కనిపిస్తాయి కానీ వేగం ఉండదు. బండి ముందు వైపు నుంచి కాగితం పెడితే జాలీకి అతుక్కునేంత గాలి లాగాలి.

ఫ్యాను బాగుంటే ముందున్న ఏసీ కండెన్సర్‌కూ, వెనకున్న రేడియేటర్‌కూ మధ్య సందు చూడండి. మార్కెట్ యార్డు రోడ్ల మీద తిరిగే బండ్లకు ఆ సందులో దుమ్ము, పత్తి నూగు, పురుగులు కలిసి దుప్పటిలా పట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేకులు పడుకుంటాయి, ఇక గాలి పోదు.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. “మన ఎండలకు వాల్వు ఎందుకు” అన్న మాట ఇంకా చాలా షెడ్లలో ఉంది. అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే తలుపు. ఇంజిన్ తొందరగా పని వేడికి రావడానికి, ఆ వేడి దగ్గరే ఉండడానికి పెట్టారు. అది లేకపోతే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, సిలిండర్ అరుగుతుంది. వాల్వు పనిచేస్తోందో లేదో తెలియాలంటే గిన్నెలో నీళ్లు పోసి, అందులో వేలాడదీసి కాచి చూస్తే చాలు. మరగక ముందే తెరుచుకోవాలి.

ఇంకో సంగతి, మీ బండిలో ఏం పోస్తున్నారు? బోరు నీళ్లయితే మన దగ్గర ఉప్పు, సున్నం ఎక్కువ. అల్యూమినియం రేడియేటర్ లోపల బిందె అడుగున పట్టినట్టే తెల్లగా పేరుకుంటుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోయాలి. చిన్న కార్లకు మొత్తం నాలుగు లీటర్ల చుట్టుపక్కల పడుతుంది. డబ్బా మీద “రెడీ టు యూజ్” అని ఉంటే అందులో మళ్లీ నీళ్లు కలపకూడదు. పోసేటప్పుడు హీటరు నాబ్ పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ ఐడిల్‌లో ఉంచాలి. గాలి మిగిలిపోతే కూలెంట్ నిండుగా ఉన్నా ముల్లు ఎగురుతుంది. రేడియేటర్ మూత రబ్బరు పగిలితే ప్రెషర్ నిలవదు, కూలెంట్ తొందరగా మరుగుతుంది. దాని ఖరీదు తక్కువే, కాబట్టి ముందు అది మార్చి చూడొచ్చు. వేడి మీద మాత్రం ఆ మూత ఎప్పుడూ తిప్పకండి.

ముల్లు ఎప్పుడైనా ఎర్ర గీత దాటిందా? దాటి ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) కూడా చూపించాలి. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడటం, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పదార్థం, ఆగకుండా తెల్ల పొగ దాని గుర్తులు. హెడ్ విప్పాల్సి వస్తే కొత్త గ్యాస్కెట్ వేసి మూసేయనివ్వకండి. లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వంపు చూడాలి. చిన్న పెట్రోల్ ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ (మిషన్ మీద చదును) చేయించాల్సిందే. బోల్టులు మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితో, అంచెలంచెలుగా బిగించాలి. చేతి అంచనాతో బిగించిన హెడ్ ఆరు నెలల్లో మళ్లీ షెడ్డుకొస్తుంది.

ప్రశ్న: ప్రతి మార్చిలో ఏసీ గ్యాసు కొట్టిస్తున్నాను. జూలైకల్లా అయిపోతోంది. గ్యాసు అంత తొందరగా ఖర్చవుతుందా?
— ఒక పాఠకుడు, పటమట

జవాబు: గ్యాసు ఖర్చయ్యే వస్తువు కాదు. పెట్రోలులా మండదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. నాలుగు నెలల్లో పోతోందంటే కారుతోంది. మీరు ఏటా కొట్టిస్తున్నది గాలికి వదులుతున్నారు. గ్యాసుతోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం కొంచెం పోతుంది, అందుకే ఇలాంటి బండ్లకు చివరికి కంప్రెసర్ పట్టేస్తుంది.

ఎక్కడ కారిందో అక్కడ ఆయిల్ జిడ్డు, దాని మీద దుమ్ము అతుక్కుని ఉంటుంది. ముందు కండెన్సర్ మీద రాయి తగిలిన చోట్లు, పైపుల కీళ్ల దగ్గర ఓ-రింగులు, కంప్రెసర్ ముందు సీలు చూడమనండి. అక్కడేమీ లేకపోతే డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. నైట్రోజన్ నింపి సబ్బు నురుగుతోనో, రంగు కలిపి అతినీలలోహిత (యూవీ) లైటుతోనో పట్టుకోవచ్చు. లీకు కట్టాక వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. పంపు ఆపి పదిహేను నిమిషాలు గేజి ముల్లు కదలకుండా ఉండాలి. ఇది చూడకుండా గ్యాసు ఎక్కిస్తే మళ్లీ మార్చికి కలుస్తారు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో ఉంటుంది. తూకం మిషన్‌తో అంతే ఎక్కించాలి. “ఎండలు ఎక్కువ, ఇంకో వంద గ్రాములు వేద్దాం” అంటే వద్దనండి. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా తమ్ముడి స్నేహితుడి కారు తీసుకుంటున్నాను. 2013లో రిజిస్టర్ అయింది, నంబరు ఏపీ 09 మీదే ఉంది. ఏపీ నంబరే కదా, ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీఏ ఇచ్చే పత్రం) అక్కర్లేదు, ఫారాల మీద సంతకాలు తీసుకుంటే చాలు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: కాదు. ఏపీ 09 అంటే ఖైరతాబాద్ ఆఫీసు. 2014 జూన్ 2కు ముందు అక్కడ ఇచ్చిన నంబర్లన్నీ ఏపీ అక్షరాలతోనే ఉంటాయి, కానీ ఆ బండి ఇప్పుడు తెలంగాణ రవాణా శాఖది. బోర్డు మీద ఏముందన్నది కాదు, ఏ రాష్ట్రం ఆఫీసులో రిజిస్టరై ఉందన్నది లెక్క.

అమ్మే ఆయన ముందు అప్పు ఉంటే తీర్చి, బ్యాంకు లెటర్‌తో ఫారం 35 ఇచ్చి ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించాలి. చలానాలు కట్టేయాలి. ఫారం 28 మీద ఎన్ఓసీ తీసుకోవాలి, దానికి ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కావాలి. ఆ ముద్ర తీసేటప్పుడు మీరు పక్కనే ఉండి, బండి మీద చెక్కిన నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. తర్వాత ఫారం 29, 30 మీద సంతకాలు. ఇవి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని ఇక్కడ మీ ఆర్టీఏ ఆఫీసులో ఫారం 27తో కొత్త నంబరుకు పెట్టుకుంటారు. బండిని చూపించాలి, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. చాలామంది లెక్కలో వేసుకోనిది ఈ పన్నే. బేరం ఆడే ముందే ఎంతవుతుందో ఆఫీసులో కనుక్కోండి. కొన్ని బండ్లకు హైదరాబాద్ ధరలో కనిపించే లాభం ఇక్కడ పన్నుకు సరిపోతుంది.

పైగా పన్నెండేళ్లు దాటిన బండి ఇది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. ధరలో అది కూడా చూసుకోండి.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బీరువాలో దాచుకుని తిరగడం మన దగ్గర మామూలైపోయింది. దానివల్ల కొన్నవాడి కంటే అమ్మినవాడికే ఎక్కువ ఇబ్బంది. యాక్సిడెంట్ జరిగిన రోజు ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. బండి నాలుగు చేతులు మారినా నోటీసు మొదటి మనిషికే వస్తుంది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చమని కంపెనీకి అర్జీ ఇవ్వాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు. అది బండిది కాదు, మనిషిది. ఆయన సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్లలోగా తన కొత్త బండికి వాడుకోవచ్చు. మీరు ఆ తేడా కట్టాలి. పాత ఫాస్టాగ్ ఆయన చేత మూయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి, లేకపోతే మీరు కాజ టోల్ దాటిన ప్రతిసారీ ఆయన ఖాతాలో డబ్బు కోత పడుతుంది.

ప్రశ్న: 1.5 డీసీఐ (రెనో డీజిల్) ఇంజిన్ ఉన్న 2015 డీజిల్ బండి కొన్నాను. 96 వేలు తిరిగింది. టైమింగ్ బెల్టు మార్చారో లేదో పాత ఓనరుకు గుర్తులేదు. నడక బాగుంది. లక్ష దాకా ఆగవచ్చా?
— ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: వద్దు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. పిస్టన్లను కదిపే క్రాంకునూ, వాల్వుల్ని తెరిచే క్యామునూ ఒకే లయలో తిప్పేది ఈ బెల్టే. బెల్టుకు కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా ఉంటాయి. రబ్బరు నిలబడి ఉన్నా ఎండుతుంది. తెగే ముందు శబ్దం చేయదు, బండి లాగడం తగ్గదు. నడక బాగుంది అనుకుంటుండగానే తెగుతుంది. తెగిన క్షణాన పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, హెడ్ పని మీద పడుతుంది.

బెల్టు ఒక్కటే కొనకండి. టెన్షనరు (బెల్టును బిగువుగా ఉంచేది), వాటర్ పంపు కూడా వేయించండి. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే. పంపు రేపు కారితే అదంతా మళ్లీ విప్పాలి, కూలీ రెండుసార్లు. క్రాంక్ సీలు, క్యామ్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే అవి కూడా అప్పుడే మార్చాలి, ఆయిల్ తగిలిన బెల్టు నిలవదు. మెకానిక్ దగ్గర లాకింగ్ పిన్నులు (క్రాంకు, క్యాము కదలకుండా పట్టి ఉంచేవి) ఉన్నాయా అని ముందే అడగండి. పెయింటుతో గీతలు పెట్టుకుని బెల్టు మార్చేవాళ్లు ఉన్నారు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా స్టార్టింగ్ కష్టం, పొగ. బిగించాక సెల్ఫ్ కొట్టే ముందు క్రాంక్‌ను స్పానరుతో రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో చూడాలి. పని పూర్తయ్యాక తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ ఇంజిన్ మీద అంటించమనండి. మీరు అమ్మినప్పుడు ఆ స్టిక్కరే ధర నిలబెడుతుంది.

ఇదే అనుమానం 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ వాళ్లు కూడా రాస్తున్నారు. ఆ ఇంజిన్‌కు ఉన్నది బెల్టు కాదు, గొలుసు. మార్చే గడువంటూ లేదు కానీ సాగుతుంది. పొద్దున్నే మొదటి స్టార్టింగ్‌లో రెండు మూడు సెకన్లకు మించి గలగల వినిపిస్తే చూపించండి. గొలుసును బిగించి ఉంచేది ఆయిల్ ప్రెషరే కాబట్టి, ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లకే ఈ రోగం ఎక్కువ.

ప్రశ్న: బీఎస్ 6 డీజిల్ సెకండ్స్‌లో తక్కువకి వస్తోంది. రోజుకు ఇల్లు, షాపు, స్కూలు కలిపి పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాను. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: మీ వాడకానికి పెట్రోలే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలతో వచ్చిన డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. అది నిండినప్పుడు బండి తనంతట తానే ఆ మసిని కాల్చుకుంటుంది, కానీ అందుకు ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు అరవై పైన వేగంతో నడవాలి. మీ తిరుగుడులో ఆ అవకాశం లేదు. సగంలో ఆపేసిన ప్రతిసారీ, మసిని కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అదే. వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చే పని ఉంటే మాట వేరు.

ప్రశ్న: ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక నా 2016 బండి మైలేజీ తగ్గింది. ఇంజిన్ పాడవుతుందా?
— ఒక పాఠకుడు, ఉయ్యూరు

జవాబు: కొంత తగ్గడం సహజం. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదిక పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం దాకా తగ్గుతుందని అంచనా వేసింది. అంటే లీటరుకు 17 ఇచ్చే బండి 16 ఇవ్వొచ్చు. 13కు పడిపోయిందంటే పెట్రోలును తిట్టి లాభం లేదు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, పట్టేస్తున్న బ్రేకులు, ఆక్సిజన్ సెన్సర్ చూపించండి. పాత రబ్బరు పెట్రోలు పైపులను మాత్రం ఏడాదికోసారి గమనించండి. చెమర్చినా, మెత్తబడినా మార్చేయాలి. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు సగం ఉంచొద్దు, ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది.

ఒక ఉత్తరం, ఆటోనగర్ నుంచి: గత సంచికలో లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ) పెట్టిన బండిని అయస్కాంతంతో కనిపెట్టవచ్చని రాశాం. దాని మీద ఒక టింకరింగ్ మేస్త్రి ఇలా రాశారు: “లప్పం సన్నగా ఉంటే అయస్కాంతం అంటుకుంటుంది. గట్టి అయస్కాంతమైతే మందంగా ఉన్నా అంటుకుంటుంది. బంపర్లు ఎలాగూ ప్లాస్టిక్కే. ఇది నమ్మి జనం మోసపోతారు.”

ఆయన చెప్పింది సరైనదే, మేం తొందరపడ్డాం. పెయింటు మందం కొలిచే గేజి చాలామంది కార్ల వ్యాపారుల దగ్గర, పెయింటింగ్ షెడ్లలో ఉంటుంది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు. మళ్లీ రంగు కొట్టిన చోట 200 నుంచి 350 చూపిస్తుంది. 500 దాటితే కింద లప్పం ఉన్నట్టు. తలుపు మీద, ఫెండర్ మీద 300 వస్తే గాభరా పడక్కర్లేదు, మన రోడ్ల మీద బైకు హ్యాండిల్ గీయని బండి ఉండదు. పైకప్పు, స్తంభాలు, డిక్కీ అడుగు మీద ఎక్కువ వస్తే మాత్రం పెద్ద దెబ్బ తిన్న బండి.

గేజి దొరకనివాళ్లు బానెట్ తెరిచి ఫెండర్ బోల్టులు చూడండి. కంపెనీ బోల్టు తల మీద రంగు చెదరదు. స్పానరు పడితే మూలల్లో రంగు లేచిపోతుంది. తలుపుల రబ్బరు లాగి కింద అంచు చూడండి. కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో గుంటలుగా ఉంటాయి, షెడ్డులో చేసిన చోట గీతలా ఉంటుంది, లేదా సీలెంటుతో పూడ్చి ఉంటుంది.

ప్రశ్న: టైరు ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, కానూరు

జవాబు: పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఒక పక్క కనిపించకపోతే టైరు లోపలి వైపు చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినా, ఆరేళ్లు దాటినా, పక్కగోడలో వెంట్రుక పగుళ్లు కనిపించినా మార్చాలి. నాలుగు టైర్లూ నల్లగా నిగనిగలాడుతుంటే అది పాలిష్. స్టెప్నీ తేదీ కూడా చూడటం మరిచిపోకండి. ఎప్పుడూ వాడని స్టెప్నీ బండి వయసుదే అయి ఉంటుంది. 2022 మోడల్ అని చెప్పిన బండిలో 2018 స్టెప్నీ కనిపిస్తే, అది ఏ బండిలోంచి వచ్చిందో అడగండి.